గోదావరి డెల్టాలో చేపపిల్లల ఉత్పత్తి చరిత్ర: సిక్లిడ్ చేపల అంగవైకల్యాలు - కారణాల పరిశీలన

వ్యాససంగ్రహం

వంకర వెన్ను, అసంపూర్ణమైన మొప్పమూత, లోపించిన రెక్క, మూతపడని నోరు వంటి వైకల్యాలు పెంపకపు చేపల్లో తరచుగా కనిపిస్తాయి. వీటికి సాధారణంగా చెప్పే కారణం ఒక్కటే: "రక్తసంబంధ సంకరం". ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని గోదావరి డెల్టా మత్స్యపరిశ్రమ చరిత్ర నేపథ్యంలో పరిశీలిస్తుంది. చేపపిల్ల నది నుంచి హేచరీకి, హేచరీ నుంచి గాజుతొట్టికి చేరిన క్రమాన్నీ, సిక్లిడ్ కుటుంబపు చేపలు మన ప్రాంతానికి వచ్చిన తీరునూ వివరిస్తుంది. వైకల్యాల కారణాలను వంశగతం, పొదుగుదల, ఆహారం, విషాలు - వ్యాధులు అనే నాలుగు వర్గాలుగా విభజించి చర్చిస్తుంది. తల్లిచేపల వంశావళి నమోదు లేనిచోట ఈ కారణాలను వేరుచేయడం సాధ్యం కాదనీ, ఆ లోపం వల్ల కలిగే నష్టం చివరకు రైతు మీదనే పడుతుందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: గోదావరి డెల్టా, సిక్లిడ్లు, తిలాపియా, హేచరీ, అంతఃప్రజననం, అంగవైకల్యం, వంశావళి.

1. ఉపోద్ఘాతం

సిక్లిడ్లు ఆఫ్రికా, దక్షిణ - మధ్య అమెరికా ఖండాలలో విస్తారంగానూ, మడగాస్కర్, దక్షిణ భారతదేశం, శ్రీలంకలలో పరిమితంగానూ కనిపించే చేపల కుటుంబం. అక్వేరియంలో పెంచే ఏంజెల్, డిస్కస్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ చేపలూ, చెరువులో పెంచే తిలాపియా కూడా ఈ కుటుంబానికే చెందుతాయి. ఒకే కుటుంబం ఒకవైపు అలంకారానికీ, మరొకవైపు ఆహారానికీ ఉపయోగపడటం వల్ల వైకల్యాల అధ్యయనానికి ఇది ప్రత్యేకంగా అనువైనది. గాజుతొట్టిలో ఒక జంటతో జరిగే తప్పు, చెరువులో లక్షల పిల్లల స్థాయిలో ఎలా పునరావృతమవుతుందో ఇక్కడ పోల్చి చూడవచ్చు.

వైకల్యం కేవలం జీవశాస్త్ర విషయం కాదు. వంకర వెన్నుగల చేప బజారులో ధర పలకదు. అది మేతను సరిగా అందుకోలేదు, నెమ్మదిగా ఎదుగుతుంది. పిల్లలను కొన్న రైతు నెలల తరబడి మేత పెట్టిన తరువాతనే ఆ నష్టం బయటపడుతుంది. అప్పుడు హేచరీ వారు నీటిని తప్పుపడతారు, రైతు విత్తనాన్ని తప్పుపడతాడు, మేత అమ్మినవారు ఇద్దరినీ తప్పుపడతారు. ఈ వివాదానికి సాక్ష్యం ఏది అన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

2. నది నుంచి హేచరీకి

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టా వ్యవసాయ చరిత్రను మార్చింది. కాలువలు, మురుగుకాలువలు, పల్లపు భూములు కలిసిన కొత్త జలవ్యవస్థ ఏర్పడింది. అదే సమయంలో నదిని ఎదురీదే చేపల దారికి అడ్డు ఏర్పడింది. పులస ప్రయాణం ధవళేశ్వరంతో ఆగిపోవడం అందరికీ తెలిసినదే. బ్రిటిష్ ఇండియాలో చేపల సర్వే నిర్వహించిన ఫ్రాన్సిస్ డే 1873లో వెలువరించిన నివేదికలో ఆనకట్టలు చేపల వలసకు కలిగించే ఆటంకాన్ని ప్రస్తావించాడు. ఆయన బృహద్గ్రంథం 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా' 1875-78 మధ్య వెలువడింది.

ప్రేరిత ప్రజననం రాకముందు చెరువుల్లో వదిలే పిల్లలకు ఆధారం నదే. వరద కాలంలో నది ఒడ్డున వలలు పన్ని గుడ్లను, చిరుపిల్లలను సేకరించేవారు. ఈ పద్ధతిలో లోపాలు చాలా ఉన్నాయి. పనికిరాని జాతుల పిల్లలు కలిసి వచ్చేవి, సరఫరా వానల మీద ఆధారపడేది. కాని ఒక మేలు మాత్రం అప్రయత్నంగా లభించేది. ఆ పిల్లలు నదిలో అసంఖ్యాకమైన తల్లిదండ్రులకు పుట్టినవి. పైగా వైకల్యంతో పుట్టిన పిల్ల ప్రవాహానికి, వేటాడే చేపలకు తట్టుకోలేక తొలిదశలోనే నశించేది. నది ఒక జల్లెడగా పనిచేసేది.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి కార్పు జాతి చేపలతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. భారత మత్స్య చరిత్రలో ఇది యుగారంభం. జాతీయ మత్స్యరైతుల దినోత్సవాన్ని జూలై 10న జరుపుకోవడానికి కారణమిదే. తరువాతి దశాబ్దాలలో చైనా నమూనా వృత్తాకార హేచరీలు రావడంతో నది మీద ఆధారపడే అవసరం తీరింది. కొల్లేరు పరిసరాలలో 1970ల చివరి నుంచి విస్తరించిన చేపల చెరువులకు, కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాలకు కోట్ల సంఖ్యలో పిల్లలు కావలసి వచ్చాయి. బాదంపూడి చేపపిల్లల కేంద్రం వంటి ప్రభుత్వ సంస్థలతోపాటు ప్రైవేటు హేచరీలు ఈ అవసరాన్ని తీర్చాయి.

ఈ విజయంలోనే సమస్య బీజం ఉంది. కిలో బరువుగల రోహు తల్లిచేప రమారమి 2 నుంచి 3 లక్షల గుడ్లు పెడుతుంది. అంటే కొన్ని పదుల తల్లిచేపలతోనే ఒక హేచరీ తన సంవత్సరపు అమ్మకాలను పూర్తిచేయగలదు. ఆ పిల్లలలో నుంచే తరువాతి తరం తల్లిచేపలను ఎంచుకుంటే బంధువుల మధ్య సంకరం తప్పదు. ఎక్‌నాథ్, డాయిల్ అనే పరిశోధకులు కర్ణాటక హేచరీలను పరిశీలించి 1990లో ప్రకటించిన అధ్యయనం ఈ ప్రమాదాన్ని తొలిసారి అంకెలలో చూపింది. వ్యాపారపరంగా విజయవంతమైన హేచరీ జన్యుపరంగా ఇరుకైనదిగా ఉండవచ్చునన్నది ఆ అధ్యయనం నేర్పిన పాఠం. ఆంధ్ర హేచరీల నిర్మాణం, పనితీరు అదే తరహావి కాబట్టి ఆ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది.

3. సిక్లిడ్ల రాక

3.1 దేశీయ సిక్లిడ్లు

భారతదేశానికి సహజమైన సిక్లిడ్లు మూడే. మొదటిది ముత్యపు చుక్కల చేప. దీనిని జర్మన్ శాస్త్రవేత్త బ్లాక్ 1790లో వర్ణించాడు. పేరులో సూరత్ ఉన్నా దీని నివాసం దక్షిణ భారత, శ్రీలంక తీరాల ఉప్పుటేరులు, కయ్యలు. రెండవది నారింజ రంగు క్రోమైడ్. దీనిని కూడా బ్లాక్ 1795లో వర్ణించాడు. మూడవది కర్ణాటక నదులకు పరిమితమైన కెనరా జాతి. గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కాలంలోనే మద్రాసు మత్స్యశాఖ ముత్యపు చుక్కల చేపను మంచినీటి చెరువుల్లో పెంచే ప్రయత్నాలు చేసింది.

ఈ చేపల సంతానపాలన విశిష్టమైనది. ఆడ, మగ చేపలు రెండూ గుడ్లను కాపలా కాస్తాయి, రెక్కలతో నీటిని విసరుతాయి, చెడిన గుడ్లను తొలగిస్తాయి. నారింజ క్రోమైడ్ పిల్లలు తల్లిదండ్రుల శరీరం మీది జిగురుపొరను కొరుక్కుతింటాయని వార్డ్, బార్లో అనే పరిశోధకులు 1967లో వివరించారు. ఫంగస్ భయంతోనో, పెద్దచేపలు గుడ్లను తినేస్తాయన్న భయంతోనో గుడ్లను వేరుచేసే పెంపకందారు, ఈ పనులన్నింటినీ తానే చేయవలసి ఉంటుంది.

3.2 తిలాపియా

మొజాంబిక్ తిలాపియా ఆఫ్రికా నుంచి నేరుగా మనకు రాలేదు. 1930ల చివర జావా ద్వీపంలోని సెరాంగ్ నదీముఖం వద్ద ముజైర్ అనే వ్యక్తికి దొరికిన ఐదు చేపలు, అంటే మూడు మగవి, రెండు ఆడవి, ఆసియాలోని పెంపకపు సంతతికి మూలమని మత్స్య చరిత్రకారుల కథనం. అవి అక్కడికి ఎలా చేరాయన్నది నేటికీ తేలలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలోనూ, ఆ తరువాతా వాటి సంతతి ఆసియా అంతటా వ్యాపించింది. 1952లో భారతదేశానికి వచ్చింది. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టే లక్షణం వల్ల చెరువులు కిక్కిరిసి, చేపలు ఎదగక, ఇతర జాతులకు ఇబ్బంది కలిగింది. 1959లో మత్స్య పరిశోధన సంఘం దీని వ్యాప్తిని నిషేధించింది. నిషేధం కాగితం మీద నిలిచింది గాని తిలాపియా అప్పటికే చెరువులకు, జలాశయాలకు చేరిపోయింది.

ఐదు చేపల కథనాన్ని జనాభా జన్యుశాస్త్ర సూత్రంతో పరీక్షించవచ్చు. మగ, ఆడ చేపల సంఖ్యల లబ్ధాన్ని నాలుగుతో గుణించి, వాటి మొత్తంతో భాగిస్తే ప్రభావక జనసంఖ్య వస్తుంది. మూడు మగ, రెండు ఆడ చేపలకు అది 4.8. దాని రెట్టింపుతో ఒకటిని భాగిస్తే తరానికి పెరిగే అంతఃప్రజనన శాతం వస్తుంది. ఇక్కడ అది సుమారు 10.4. అదే 50 జంటలను వాడితే 0.5 శాతం మాత్రమే. అక్వేరియం పెంపకందారు ఒకే జంటతో మొదలుపెట్టి, వాటి పిల్లలలో అన్నాచెల్లెళ్లను జత కలిపితే పుట్టే సంతానంలో అంతఃప్రజనన గుణకం 25 శాతానికి చేరుతుంది. ఒక ఏంజెల్ జంట పిల్లలతోనే తొట్టెలన్నీ నింపే చిన్న పెంపకందారు పరిస్థితి ఇదే.

4. వైకల్యాలకు కారణాలు

4.1 వంశగతం

అంతఃప్రజననం కొత్త దోషాన్ని సృష్టించదు. దాగివున్న దోషాన్ని బయటపెడుతుంది. అంతర్గత జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకేసారి సంక్రమించినప్పుడే వ్యక్తమవుతుంది. బంధువుల సంకరంలో ఆ అవకాశం ఎక్కువ.

సిక్లిడ్లలో వంశగత వైకల్యానికి చక్కని నిదర్శనం నీలి తిలాపియాలో కనిపించిన 'సాడిల్‌బ్యాక్' అనే లోపం. ఇందులో వీపురెక్క పూర్తిగా ఏర్పడక వీపు జీనులా కనిపిస్తుంది. ఇది బహిర్గత, మారక జన్యువు వల్ల కలుగుతుందని టేవ్, ఆయన సహచరులు 1983లో నిర్ధారించారు. ఒక ప్రతి ఉన్న చేప వైకల్యంతో బతుకుతుంది, రెండు ప్రతులు ఉన్నది చనిపోతుంది. లోపం కంటికి కనిపిస్తుంది కాబట్టి అటువంటి చేపలను ఏరివేస్తే దోషం తొలగిపోతుంది. అంతర్గత దోషాలకు ఈ సౌలభ్యం లేదు. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న తల్లిచేప కూడా దోషవాహకమై ఉండవచ్చు.

దీనికి ప్రత్యుదాహరణ కూడా ముఖ్యమే. నైలు తిలాపియాలో మొప్పమూత సగమే ఏర్పడే లోపాన్ని టేవ్, హాండ్‌వర్కర్ 1994లో పరీక్షించి, అది వంశపారంపర్యం కాదని తేల్చారు. అమెరికా చానల్ క్యాట్‌ఫిష్‌లో తోకలేమి, పొట్టిశరీరం విషయంలోనూ 1991లో ఇదే ఫలితం వచ్చింది. పుట్టుకతో కనిపించిన ప్రతి లోపమూ వంశగతం కాదు. ఆ నిర్ణయం చూపుతో జరగదు, వైకల్యం ఉన్న చేపలను జతకట్టించి సంతానాన్ని పరిశీలించినప్పుడే జరుగుతుంది.

4.2 పొదుగుదల

పిండదశలో ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు, ప్రాణవాయువు కొరత, యాంత్రిక అదురు వెన్నుపూసల నిర్మాణాన్ని దెబ్బతీస్తాయి. మే నెలలో రాజమహేంద్రవరంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. పెద్ద చెరువు లోతు వల్ల నిలకడగా ఉంటుంది. చిన్న గాజుతొట్టి గంటలలో వేడెక్కుతుంది, రాత్రికి చల్లబడుతుంది. కరెంటు పోతే గాలిబుడగలు ఆగిపోతాయి. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, పిండానికి మాత్రం ఎక్కువ కావాలి. ఈ రెండు పరిస్థితులూ ఒకేసారి ఎదురవుతాయి.

తిలాపియా తల్లి గుడ్లను నోటిలో పెట్టుకుని మెల్లగా దొర్లిస్తుంది. హేచరీలో ఆ పనిని అడుగునుంచి నీరు ఎగజిమ్మే జాడీ చేస్తుంది. ప్రవాహం మందగిస్తే గుడ్లు పేరుకుని ఫంగస్ పడతాయి, ఉద్ధృతమైతే గుడ్లు దెబ్బతింటాయి. పొదిగిన తరువాత మరొక కీలక ఘట్టం ఉంది. కొన్ని జాతుల పిల్లలు నీటి ఉపరితలానికి వచ్చి గాలిని మింగి తమ గాలితిత్తిని నింపుకుంటాయి. ఉపరితలం మీద నూనెపొర ఉంటే ఇది సాధ్యం కాదు. గాలితిత్తి నిండని పిల్ల తోక వంచి పైకి ఈదే ప్రయత్నంలో వెన్ను వంకర తిరుగుతుంది. చూసేవారికి ఇదీ వంశదోషంలాగే కనిపిస్తుంది.

4.3 ఆహారం

సిక్లిడ్లతో సహా ఎముకచేపలలో అత్యధికం విటమిన్ సి ని తమంతట తాము తయారుచేసుకోలేవు. ఎముకకు, మృదులాస్థికి ఆధారమైన కొలాజెన్ నిర్మాణానికి ఆ విటమిన్ అవసరం. దాని లోపంతో వెన్ను పక్కకు గాని, కిందికి గాని వంగుతుంది, మొప్పమూతలు కురచబారతాయి. తల్లిచేప మేతలో విటమిన్ సి లోపిస్తే ఆ ప్రభావం సంతానం మీద పడుతుందని తిలాపియా మీద 1980లలో జరిగిన ప్రయోగాలు చూపాయి. అంటే పిల్లలో కనిపించే లోపానికి కారణం తల్లి తిన్న మేతలో ఉండవచ్చు. భాస్వరం, ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం కొరవడినా ఎముకల వంకరలు వస్తాయి.

ఇక్కడే చెరువుకూ గాజుతొట్టికీ గల తేడా స్పష్టమవుతుంది. డెల్టాలో కార్పు చెరువులకు ప్రధాన మేత నూనె తీసిన తవుడు. చిల్లులు పెట్టిన సంచులలో నింపి గుంజలకు వేలాడదీస్తారు. తవుడులో విటమిన్ సి లేకపోయినా, ఎరువు వేసిన చెరువులోని ప్లవకాలు ఆ లోటును పూరిస్తాయి. గాజుతొట్టిలో ప్లవకాలు లేవు. చేప పూర్తిగా డబ్బాలోని మేత మీదనే ఆధారపడుతుంది. విటమిన్ సి వేడికి, తేమకు, గాలికి త్వరగా నశిస్తుంది. తీరప్రాంతపు ఉక్కలో నెలల తరబడి మూత తీసి వాడిన మేత డబ్బా, చీటీ మీద ఏమి రాసి ఉన్నా, ఆ పోషణను ఇవ్వలేదు.

4.4 విషాలు, వ్యాధులు

ఆర్గానోఫాస్ఫేటు వర్గపు పురుగుమందులు నాడీవ్యవస్థలోని కొలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. కండరాలు విపరీతంగా బిగుసుకుని, ఆ బిగువుకు వెన్నుపూసలు విరగడం, వంగడం జరుగుతుంది. వరి డెల్టాలో పొలాల మురుగు, చెరువుల నీరు ఒకే జలవ్యవస్థలో కలుస్తాయి. దీనికి తోడు చేపపేను నివారణకు చెరువులోనే మందులు చల్లుతారు. మోతాదు మించితే పెద్దచేప తట్టుకున్నా పిల్ల తట్టుకోలేదు.

మైకోబాక్టీరియా వల్ల కలిగే చేపల క్షయ కూడా వెన్నును వంచుతుంది. పుట్టుకతో సవ్యంగా ఉన్న చేప వయసు మీరాక వంకర తిరిగి, చిక్కిపోతే దీనిని అనుమానించాలి. ఇది చేతి గాయాల ద్వారా మనుషులకూ సోకగలదు. కాబట్టి తొట్టి కడిగేవారు జాగ్రత్త వహించాలి. వైకల్యం ఎప్పుడు కనిపించిందన్న ప్రశ్నకు ఇంత ప్రాముఖ్యం ఉంది. పొదిగిన రోజున కనిపించినదీ, రెండు నెలలకు కనిపించినదీ, రెండేళ్లకు కనిపించినదీ ఒకే కారణం వల్ల కలిగినవి కావు.

5. వైకల్యమే ఆకర్షణ అయినప్పుడు

అక్వేరియం వ్యాపారం వైకల్యపు విలువను తలకిందులు చేసింది. 1980ల మధ్యలో తైవాన్‌లో సంకరం ద్వారా పుట్టిన బ్లడ్‌ప్యారట్ చేప నోరు పూర్తిగా మూసుకోదు, వెన్ను కురచబారి ఉంటుంది. 1990లలో మలేషియాలో రూపొందిన ఫ్లవర్‌హార్న్ నుదుటి మీద ఎత్తైన గుబ్బ ఉంటుంది. ఆ గుబ్బ ఎంత పెద్దదైతే ధర అంత ఎక్కువ. మన దేశంలో దీనికి అదృష్టం, వాస్తు నమ్మకాలు కూడా తోడయ్యాయి. చెరువులో ఏరిపారేసే లక్షణాలు తొట్టిలో ఏరికోరి పెంచేవిగా మారాయి. వైకల్యం అన్న మాటకు జీవశాస్త్ర నిర్వచనం ఒకటైతే, బజారు నిర్వచనం మరొకటి. పరిశోధకులు రెండింటినీ వేరుగా చూడాలి. చేపకు శ్వాస, మేత, ఈత కష్టమయ్యే లక్షణం అందంగా కనిపించినా వైకల్యమే.

6. వంశావళి నమోదు: మణికొండ అనుభవం

తిలాపియా చరిత్రలో రెండవ అధ్యాయం మొదటిదానికి పూర్తిగా భిన్నం. 1988లో ఫిలిప్పీన్స్‌లో ఆరంభమైన గిఫ్ట్ కార్యక్రమం నైలు తిలాపియాను శాస్త్రీయంగా మెరుగుపరచింది. ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ దేశాల నుంచి తెచ్చిన నాలుగు సహజ సంతతులు, ఇజ్రాయెల్, సింగపూర్, తైవాన్, థాయ్‌లాండ్ పెంపకాల నుంచి తీసుకున్న నాలుగు సంతతులు, మొత్తం ఎనిమిది దానికి పునాది. ప్రతి కుటుంబాన్నీ విడిగా పెంచి, గుర్తులు వేసి, దగ్గరి బంధువులు జతకలవకుండా చూడటం దాని పద్ధతి. కర్ణాటక హేచరీల ఇరుకుదనాన్ని లెక్కించిన ఎక్‌నాథ్ ఈ కార్యక్రమంలోనూ ముఖ్యపాత్ర వహించడం గమనార్హం.

భారత ప్రభుత్వం షరతులతో తిలాపియా పెంపకాన్ని అనుమతించిన తరువాత, రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వరల్డ్‌ఫిష్ సంస్థ సహకారంతో 2011లో విజయవాడ సమీపంలోని మణికొండలో గిఫ్ట్ ప్రజనన కార్యక్రమాన్ని చేపట్టింది. డెల్టా రైతుకు ఇది చేరువలోని ఉదాహరణ. ఐదు చేపలతో మొదలై నిషేధంతో ముగిసిన కథకూ, ఎనిమిది సంతతులతో మొదలై కుటుంబాల నమోదుతో నడుస్తున్న కథకూ తేడా చేప జాతిలో మాత్రమే లేదు. లెక్క రాయడంలో ఉంది.

7. చట్టం, రైతు, పత్రం

ఆంధ్రప్రదేశ్‌లో ఆక్వాకల్చర్ విత్తన నాణ్యత నియంత్రణ చట్టం 2006లో వచ్చింది. మత్స్య విశ్వవిద్యాలయ స్థాపనకు 2020లో చట్టం జరిగి, పశ్చిమగోదావరిలోని నరసాపురం ప్రాంతం దానికి కేంద్రమైంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, కేంద్రీయ మత్స్య విద్యాసంస్థ కేంద్రం ఉన్నాయి. పరిజ్ఞానానికీ, సంస్థలకూ కొరత లేదు. కొరత ఉన్నది పిల్లతోపాటు ప్రయాణించే సమాచారానికి.

ఆ పత్రంలో ఉండవలసినవి ఎక్కువేమీ కావు: ఎన్ని మగ, ఎన్ని ఆడ చేపలు వాడారు, అవి ఎక్కడినుంచి వచ్చాయి, పొదిగిన తేదీ, నీటి ఉష్ణోగ్రత, తల్లిచేపల మేత, పిల్లలలో ఏరివేసిన వైకల్యాల సంఖ్య, రకం. ఈ ఆరు అంశాలుంటే నాలుగు వర్గాల కారణాలను చాలావరకు వేరుచేయవచ్చు. ఒకే తల్లిచేపల గుంపు నుంచి వేర్వేరు తేదీలలో వచ్చిన పిల్లలన్నింటిలో ఒకే లోపం కనిపిస్తే వంశాన్ని, లేదా తల్లిచేపల మేతను అనుమానించవచ్చు. ఒక్క విడతకే పరిమితమైతే పొదుగుదలను చూడాలి. వేర్వేరు హేచరీల పిల్లలు ఒకే చెరువులో వంకర తిరిగితే నీటిని, మేతను పరీక్షించాలి. ఒకే విడత పిల్లలు ఒక రైతు చెరువులో బాగుండి మరొకరి చెరువులో చెడితే హేచరీని నిందించడం తొందరపాటు. ఈ తర్కానికి ప్రయోగశాల అవసరం లేదు, నమ్మదగిన నమోదు చాలు.

నమోదు లేనిచోట అనుమానం మాత్రమే మిగులుతుంది. అనుమానం వివాదంగా మారినప్పుడు, సాక్ష్యం చూపలేని చిన్నరైతు ఓడిపోతాడు. మంచి తల్లిచేపలను ఖర్చుపెట్టి పోషించే నిజాయితీ గల హేచరీ కూడా నష్టపోతుంది. ఎందుకంటే దాని పిల్లకూ, ఇరుకు సంతతి పిల్లకూ బజారులో తేడా తెలియదు, చౌక పిల్లే అమ్ముడవుతుంది.

8. ముగింపు

పై చర్చ నుంచి తేలే అంశాలివి. మొదటిది, డెల్టాలో చేపపిల్ల ఉత్పత్తి నది నుంచి హేచరీకి మారడంతో సహజ ఎంపిక అనే జల్లెడ తొలగిపోయింది. ఆ స్థానంలో మనిషి ఎంపిక రావలసి ఉండగా అది అన్నిచోట్లా రాలేదు. రెండవది, సిక్లిడ్ వైకల్యాలను అంతఃప్రజననానికి మాత్రమే ఆపాదించడం సరికాదు. పొదుగుదల, ఆహారం, విషాలు, వ్యాధులు అదే రూపంలో లోపాలను కలిగించగలవు. మూడవది, కారణాన్ని నిర్ణయించేది లోపపు ఆకారం కాదు. అది ఎప్పుడు, ఏ విడతలో, ఏ తల్లిచేపల సంతానంలో కనిపించిందన్న చరిత్ర. నాల్గవది, ఆ చరిత్రను నమోదు చేసే పద్ధతి మన రాష్ట్రంలోనే మణికొండలో అమలైంది. దానిని సాధారణ హేచరీలకు, అక్వేరియం పెంపకందారులకు సరళరూపంలో అందించడం సాధ్యమే.

డెల్టా హేచరీలలోని తల్లిచేపల మూలాలను మౌఖిక చరిత్ర పద్ధతిలో సేకరించడం ఈ దిశలో చేయదగిన తక్షణ పరిశోధన. తొలితరం హేచరీ నిర్వాహకులు, పిల్లలను మోసుకువచ్చిన వ్యాపారులు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ చేప ఎక్కడినుంచి వచ్చిందో వారికి తెలుసు. ఆ జ్ఞాపకాలు గ్రంథస్థమైతే, చరిత్ర పరిశోధన మత్స్యరైతుకు ప్రత్యక్షంగా ఉపకరించిన సందర్భాలలో అది ఒకటవుతుంది.